ఎర్రదీపం ఆర్పిన తలాసో

ఉత్తర కెన్యాలో మా మర్సాబిట్ బస్టాండు వెనక, టైర్లకు గాలి కొట్టే చోటు దాటగానే నీలం రేకుల షెడ్డు ఒకటుంది. పొద్దున ఏడింటికల్లా దాని ముందు రెండు మూడు బండ్లు బానెట్లు ఎత్తుకుని నిలబడి ఉంటాయి. ఆ షెడ్డు తలాసో హుకాది. మా ఊళ్ళో ఇంజను పాడైతే ఏ ఫుండి దగ్గరికైనా, అంటే ఏ మెకానిక్ దగ్గరికైనా వెళ్ళొచ్చు. వైర్లలో జబ్బుంటే మాత్రం తలాసో దగ్గరికే వెళ్ళాలి. ఈ మాట ఇప్పుడు అందరూ అంటారు. ఏడేళ్ళ క్రితం ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు.

నా పేరు సోరా. టీకాలు వేసే సంచార వైద్యశాల బండికి డ్రైవర్ని. తలాసోది ఒంటెలు కాసే మా గబ్రా తెగవాళ్ళ ఊరే, చల్బీ ఎడారి అవతల కలాచా. తండ్రి హుకాకు ఒకప్పుడు అరవై ఒంటెలుండేవి. ఒక కరువులో పద్నాలుగు మిగిలాయి. కాయడానికి మంద లేక, పదిహేనేళ్ళ తలాసోను ఆమె చిన్నాన్న కొట్లో కూర్చోబెట్టారు. అక్కడ టీ పొడి, పంచదార అమ్మేవాళ్ళు. మూలన ఒక సోలారు పలక, పాత లారీ బ్యాటరీ పెట్టి ఫోన్లు ఛార్జి చేసేవాళ్ళు. పొద్దున నిండుగా ఉన్నట్టు కనిపించే ఆ బ్యాటరీ మధ్యాహ్నానికే చచ్చిపోయేది. చిన్నాన్న దాన్ని తిట్టేవాడు. తలాసో మాత్రం ఎందుకలా అవుతోందో చూడాలనుకుంది. పాడైన లారీ హెడ్‌లైటులోంచి బల్బు పీకి, దానికి రెండు తీగలు కట్టి, బ్యాటరీకి తగిలించి చూడడం మొదలుపెట్టింది. మీటరు చేతికొచ్చింది చాలా ఏళ్ళ తర్వాత. అప్పటికే ఆమెకొక సంగతి తెలిసిపోయింది. ఏ పనీ చెప్పకుండా బ్యాటరీని కొలిస్తే అది గొప్పలు చెబుతుంది. బల్బు తగిలించి పని చెబితే నిజం చెబుతుంది.

ఏడేళ్ళ క్రితం ఆమె మర్సాబిట్ వచ్చి షెడ్డు వేసుకున్నప్పుడు తండ్రికి మనసు ఒప్పలేదు. మావాళ్ళలో ఇనుముతో పనిచేసేవాళ్ళంటే చిన్నచూపు. వాళ్ళతో కలిసి పాలు తాగని పెద్దవాళ్ళు నాకు తెలుసు. "ఒంటెలకు గుర్తు వేసే ఇనుము తప్ప మా గుడిసెలో మరో ఇనుము అడుగుపెట్టలేదు" అన్నాడట హుకా. కూతురు పంపిన పంచదార తీసుకునేవాడు. ఎవరైనా అడిగితే "పట్నంలో ఏదో వ్యాపారం" అని మాట మార్చేవాడు.

ఇక మా బండి సంగతి. దానికి రెండు బ్యాటరీలు. ఒకటి బానెట్ కింద, ఇంజనుది. రెండోది వెనక, టీకాల ఫ్రిజ్ పక్కన. రెండింటి మధ్యా ఇటుకంత అల్యూమినియం పెట్టె. ఇంజను నడుస్తున్నంతసేపూ అది ముందు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని, వోల్టేజీ సరిచేసి వెనక బ్యాటరీకి పోస్తుంది. కన్వర్టర్ అంటారు దాన్ని. మాకది పెట్టె. అది పనిచేస్తుంటే స్టీరింగ్ పక్కన పచ్చదీపం, మానేస్తే ఎర్రదీపం.

కిందటేడు ఎర్రదీపం మా ప్రాణాలు తీసింది. మర్సాబిట్ కొండ దిగేటప్పుడు పచ్చగానే ఉండేది. బుబిసాలో మొదటి మజిలీ అయ్యి మళ్ళీ బండి తీస్తే చాలు, ఎర్రగా మిణుకు మిణుకుమనేది. కలాచా చేరేసరికి ఫ్రిజ్‌లో వేడి ఎనిమిది డిగ్రీలు దాటేది. అది దాటితే టీకాలు పనికిరావు. మూడు రౌండ్లలో మూడుసార్లు మా నర్సు సిస్టర్ దర్మి ఆ సీసాలను సంచీలో వేసి మూతి కట్టేసింది. రెండు రోజులు నడిచి వచ్చిన తల్లులకు "మళ్ళీ రండి" అని చెప్పింది. మూడోసారి ఆమె ఆ మాట చెబుతుంటే నేను బండి దిగలేదు. ఆ ముఖాలు చూడలేక.

నైరోబీ నుంచి టెక్నీషియన్ వచ్చి పెట్టె మార్చాడు. పచ్చదీపం వెలిగింది. ఫొటో తీసుకుని వెళ్ళాడు. బుబిసా దాటగానే ఎర్రదీపం. రెండోసారి వచ్చి పెట్టెతోపాటు వెనక బ్యాటరీ కూడా మార్చాడు. మళ్ళీ అదే కథ. మా బండ్లు చూసే గ్యారేజీ ఫుండి మ్వెండా, మేరు తెగ మనిషి, మంచి పనివాడు, ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మార్చాడు, పెట్టెకు వేలంత లావు వైరు వేశాడు.

"ఈ బండిలో కొత్తది కానిది నేనొక్కణ్ణే సిస్టర్" అన్నాను. "రేపో మాపో నన్నూ మార్చేస్తారు."

దర్మి నవ్వలేదు. పెద్ద ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే రౌండులోనూ ఇలాగే అయితే చల్బీ అవతలి ఊళ్ళు మా జాబితాలోంచి తీసేస్తారట. ఆ సమయానికే నార్త్ హార్ వైపు పిల్లలకు తట్టు సోకిందని కబురు.

"తలాసోకు చూపించావా?" అని దర్మి అడిగింది.

"నైరోబీ వాళ్ళకే అంతుపట్టలేదు సిస్టర్."

"నైరోబీ వాళ్ళను అడగట్లేదు నిన్ను."

ఆ మధ్యాహ్నమే నీలం షెడ్డుకు వెళ్ళాను. తలాసో ఒక టాక్సీ డ్యాష్‌బోర్డు కిందికి దూరి ఉంది, కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. నేను చెప్పిందంతా అలాగే పడుకుని వింది. తర్వాత పాక్కుంటూ బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ ప్రశ్నలు మొదలుపెట్టింది.

"బుబిసాలో ఎంతసేపు ఆగుతారన్నా?"

"ఐదారు గంటలు. టీకాలు వేయాలి కదా."

"ఇంజను?"

"ఆపేస్తాం. డీజిలు ఎవరిస్తారు?"

"ఫ్రిజ్?"

"అది ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది."

"బయల్దేరే ముందు రోజు బండిని ఏం చేస్తారు?"

"ఆఫీసులో కరెంటుకు తగిలించి వెనక బ్యాటరీ నిండా ఛార్జి చేస్తాం."

"మ్వెండా మామ దగ్గరికి తీసుకెళ్ళినప్పుడూ, ఆ నైరోబీ ఆయన చూసినప్పుడూ?"

"అప్పుడూ అంతే. ఖాళీ బ్యాటరీతో తీసుకెళ్తే తిట్టరూ?"

తలాసో నవ్వింది. "కడుపునిండా తిన్నవాడి ముందు కంచం పెట్టి, వీడికి ఆకలి సరిగ్గానే ఉందా అని చూశారన్నమాట అందరూ! నిండిన బ్యాటరీ ఏం తీసుకుంటుందన్నా? పెట్టెకు పనేముంటుంది? ఇవాళ ఛార్జి పెట్టకు. ఫ్రిజ్ అలా ఆడనీ. రేపు పొద్దున బ్యాటరీని ఆకలి మీద నా దగ్గరికి తీసుకురా."

మర్నాడు వెళ్ళేసరికి షెడ్డు దగ్గర పదిమంది పోగయ్యారు. సంగతి మ్వెండాకు తెలిసిపోయింది. టీ గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. తలాసో తన పాత హెడ్‌లైటు బల్బు బయటికి తీయగానే, "అదెందుకమ్మాయ్, కోడిగుడ్లు పొదిగిస్తావా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు.

"పిల్లలు దిగాక నీకే ఇస్తాలే మామా, పెంచుకుందువుగాని" అంది తలాసో. "సోరన్నా, ఇంజను వెయ్."

వేశాను. పచ్చదీపం వెలిగింది. రెండు నిమిషాలు కూడా గడవలేదు, ఎర్రదీపం. మళ్ళీ పచ్చ. మళ్ళీ ఎర్ర. చల్బీ దారిలో మాత్రమే కనిపించే జబ్బు మర్సాబిట్ నడిబజారులో కనిపించింది. నవ్వులు ఆగిపోయాయి.

తలాసో మీటరు పెట్టి కొలిచింది. ముందు బ్యాటరీ దగ్గర పద్నాలుగు వోల్టులు, బాగానే ఉంది. పెట్టె నోటి దగ్గర పన్నెండు. చూస్తుండగానే పదకొండున్నరకు దిగింది, ఎర్రదీపం వెలిగింది. పెట్టె పని మానేయగానే మళ్ళీ పద్నాలుగుకు ఎక్కింది.

"చూశారా? పెట్టె మంచిదే. తాగడం మొదలుపెట్టగానే దానికి చాలినంత అందట్లేదు, అందుకే నోరు మూసుకుంటోంది. ఎర్రదీపం చెప్పేది అంతే. ఆకలని చెబుతోంటే మీరంతా జబ్బనుకున్నారు."

"అందకపోవడమేంటి?" మ్వెండాకు కోపం వచ్చింది. "వైరు నేను వేశాను! ఇదిగో, నా వేలంత ఉంది!"

"వెళ్ళే దారి నువ్వు చక్కగా వేశావు మామా, నేనైనా అంత బాగా వేయను. తిరిగొచ్చే దారి ఎవరు వేశారు?"

మ్వెండా మెడ సాచి పెట్టె వెనక్కి చూశాడు.

తలాసో మీటరు తీగ ఒకటి ముందు బ్యాటరీ మైనస్ మీద, రెండోది పెట్టె మైనస్ మీద పెట్టింది. ఆ రెంటికీ మధ్య తేడా దాదాపు సున్నా ఉండాలి. రెండు వోల్టులు చూపించింది. పెట్టె మైనస్ నుంచి బయల్దేరిన నల్ల తీగను వేలితో తడుముకుంటూ పోయింది. అది వెనక సీటు కింద చాప అడుగున, బండి రేకుకు బిగించిన ఒక మరమేకు దగ్గర ఆగింది. దాని చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఎన్నేళ్ళుగానో తలుపుల్లోంచి దూరిన చల్బీ ఉప్పునేల దుమ్ము. పైగా మొదట బిగించినవాడు కింద రంగు కూడా గీకలేదు. గోరంత మేరలో మాత్రమే లోహం లోహాన్ని తాకుతోంది. పెట్టె మార్చిన ప్రతివాడూ ఆ మేకునే విప్పి, మళ్ళీ దానికే బిగించి వెళ్ళాడు.

అప్పుడు బల్బు అందుకుంది. ముందు దాన్ని బ్యాటరీకి నేరుగా తగిలించింది. కళ్ళు చెదిరేలా వెలిగింది. తర్వాత ఒక తీగను ఆ మేకుకు ఆనించింది. ఆరిపోబోయే నిప్పుకణికలా ఎర్రగా మిణుకుమంది. మ్వెండా టీ గ్లాసు కింద పెట్టి, వంగి, ఆ బల్బునే చూస్తూ ఉండిపోయాడు.

"రెండుసార్లు నా చేత్తోనే బిగించాను ఆ మేకుని" అన్నాడు చివరికి. ఒప్పుకోవడానికి పదిమందిలో ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

తలాసో మేకు చుట్టూ మెరిసేదాకా గీకింది. అది చాలదని, పెట్టె మైనస్ నుంచి ముందు బ్యాటరీ మైనస్ దాకా లావు తీగ ఒకటి నేరుగా లాగింది. లావు తీగ మ్వెండాయే గ్యారేజీ నుంచి తెచ్చిచ్చాడు. ఇంజను వేస్తే పచ్చదీపం వెలిగింది, గంటసేపు కదల్లేదు. సరే పనైపోయిందని నేను తాళాలు తీసుకోబోతే, తలాసో బండి ఎక్కి కూర్చుంది.

"రేపు నేనూ వస్తున్నా. బజార్లో పచ్చగా ఉంటే నాకేంటి గొప్ప? చల్బీలో ఉండాలి."

మర్నాడు బయల్దేరాం. నేను, సిస్టర్ దర్మి, వెనక ఫ్రిజ్ పక్కన మీటరు ఒళ్ళో పెట్టుకుని తలాసో. బుబిసాలో ఆరు గంటలు ఆగి బండి తీస్తే పచ్చ. నల్లరాళ్ళ మీద ఎగిరెగిరి పడుతూ మైకోనా చేరినా పచ్చ. ఆ పూట మైకోనాలో టీకాలు వేసి, అక్కడే పడుకుని, తెల్లవారి చల్బీలోకి దిగాం. దర్మి పాట కూడా అందుకుంది.

సగం ఎడారి దాటామో లేదో, ఎర్రదీపం.

బండి ఆపాను. చుట్టూ తెల్లటి ఉప్పునేల, నిలువ నీడ లేదు. దర్మి ఫ్రిజ్ మీది అంకె చూసింది. ఆరున్నర.

"నేనప్పుడే అనుకున్నాను" అన్నాను. ఏమనుకున్నానో నాకే తెలీదు, ఊరికే అనేశాను.

తలాసో మీటరు తీసింది. కొత్త తీగ దగ్గర కొలిచింది, బాగుంది. మేకు బాగుంది.  తర్వాత దిగి బానెట్ ఎత్తి, ముందు బ్యాటరీ నుంచి వెళ్ళే ఎర్ర వైరును చేత్తో తడుముతూ వచ్చి, చటుక్కున చెయ్యి లాక్కుంది. వేళ్ళు రెండు బొబ్బలెక్కాయి.

"దొరికాడు. ఫ్యూజు గూడు, కరిగిపోతోంది" అంది. "తప్పు నాదన్నా. దొంగ దొరికాడని సంబరపడి, వాడి తమ్ముణ్ణి వెతకలేదు."

"ఇన్నాళ్ళూ బాగున్నది ఇప్పుడెందుకు కరిగింది?"

"ఇన్నాళ్ళూ దీంట్లోంచి పారిందెంతని? దారి మూసుకుపోయి ఉంది కదా. ఇప్పుడు దారి తెరిచాం, పూర్తి కరెంటు పారుతోంది. ఇది వదులుగా ఉన్న సంగతి ఇప్పుడు బయటపడింది."

మా దగ్గర వేరే గూడు లేదు. ఫ్యూజు లేకుండా వైర్లు కలిపెయ్యమన్నాను. తలాసో నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. "కలిపేస్తే, ఎక్కడైనా రేకు తగిలిందంటే బండే తగలబడుతుంది. పిల్లల టీకాలతో సహా." బండి పైన నాలుగు పెద్ద లైట్లున్నాయి, వాటి వైరుకు అదే సైజు గూడు ఉంది. పగలే ప్రయాణం కాబట్టి వాటితో పనిలేదు. దాన్ని ఊడదీసి ఇక్కడ బిగించింది, బొబ్బలెక్కిన వేళ్ళతోనే. నేనూ దర్మీ దుప్పటి అడ్డం పట్టుకుని ఎండ పడకుండా ఫ్రిజ్‌కు నీడ చేశాం. ముప్పావుగంట పట్టింది. అంకె ఏడు పాయింటు నాలుగు. దర్మి పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోందనుకుంటా.

ఇంజను వేశాను. పచ్చ.

 పది నిమిషాలకు తలాసో గూటి మీద చెయ్యి వేసి చూసింది. గోరువెచ్చగా కూడా లేదంది. కలాచా ఖర్జూరపు చెట్లు కనిపించేసరికి అంకె ఐదుకు దిగింది. దర్మి వెనక్కి తిరిగి తలాసో మెడ చుట్టూ చేతులు వేసి, గ్రీజు అంటుతుందని కూడా చూసుకోకుండా హత్తుకుంది.

కలాచాలో ఆ రోజు మూడువందల పైచిలుకు పిల్లలకు టీకాలు పడ్డాయి. వరస సాయంత్రం దాకా తరగలేదు. ముసలి హుకా మనవణ్ణి ఎత్తుకుని వచ్చాడు. బండి కింద పడుకుని ఆఖరి బోల్టు బిగిస్తున్న కూతుర్ని చూసి ఆగిపోయాడు. ఆయన వెంట ఊరి పెద్దలు నలుగురున్నారు. ఏం జరుగుతుందోనని నేను దగ్గరికి జరిగాను.

"ఈ పెట్టెను బాగుచేసింది నువ్వేనటగా?" అన్నాడు.

"అవును నాన్నా."

"నైరోబీ వాళ్ళకు తెలీనిది నీకెలా తెలిసింది?"

తలాసో లేచి నిలబడింది. "నాన్నా, మన బావి దగ్గర నువ్వు కింద నిలబడి నీళ్ళ బకెట్లు పైకి అందిస్తావు. ఒకరి చేతిలోంచి ఒకరికి పైకి పోతాయి. ఖాళీ బకెట్లు కిందికి రాకపోతే?"

"నిండు బకెట్లూ ఆగిపోతాయి" అన్నాడు ముసలాయన. "పైవాడు ఎంత గట్టివాడైనా సరే."

"కరెంటూ అంతే. వీళ్ళందరూ నిండు బకెట్లు పోయే దారే చూశారు. ఖాళీవి తిరిగొచ్చే దారి నేను చూశాను."

హుకా వంగి బండి కిందికి తొంగి చూశాడు. పక్కనున్న పెద్దాయన "అర్థమైందా హుకా?" అన్నాడు. "నీకు కాలేదా?" అన్నాడు హుకా. "చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది, అంత బాగా చెబితే." అని భుజానికున్న ఒంటెపాల బుర్ర తీశాడు. పెద్దల చేతికి కాదు, ముందు కూతురి చేతికి ఇచ్చాడు. నల్లటి నూనె చేతులతోనే ఆమె దాన్ని అందుకుని తాగింది. తర్వాత ఆయన తాగాడు, అదే బుర్రలోంచి. ఆ తర్వాత పెద్దలకు ఇచ్చాడు. నలుగురూ తాగారు.

"నా కూతురు తలాసో" అన్నాడు వాళ్ళతో, ఎవరూ అడక్కుండానే. "మర్సాబిట్‌లో ఫుండి. వైర్ల పని."

నేను మొహం తిప్పుకుని టైరు చూస్తున్నట్టు నటించాను.

తర్వాత పెద్ద ఆఫీసు ఇంజనీరు ఫోన్ చేసి గంటసేపు తలాసోతో మాట్లాడాడు. మా సంస్థ మిగతా తొమ్మిది బండ్లను విప్పి చూస్తే, నాలుగింటిలో అదే మేకు, అదే ఉప్పు. అన్నింటికీ తిరుగుదారి తీగ వేయించారు. చల్బీ అవతలి ఊళ్ళు జాబితాలోంచి పోలేదు. ఈ ఏడు మూడు రౌండ్లు వెళ్ళొచ్చాం. ఒక్క సీసా పారేయలేదు.

కిందటి నెల ఉత్తర జిల్లాల డ్రైవర్లందరినీ మర్సాబిట్ పిలిపించి, రెండు రోజులు పాఠం చెప్పమని తలాసోను అడిగారు. బోర్డు మీద ఆమె ఇంగ్లీషు ఏమీ రాయలేదు. రెండు బ్యాటరీల బొమ్మ, మధ్యలో పెట్టె, పోయే దారి ఎర్రగా, వచ్చే దారి నల్లగా గీసింది. ఇసియోలో పట్నం నుంచి వచ్చిన డ్రైవరొకడు లేచి, "ఫుండీ, ఎర్రదీపం వెలగ్గానే మొదట ఏం చెయ్యాలి?" అని అడిగాడు.

"బండి ఆపి, దీపం ఎప్పుడు వెలిగిందో, అంతకుముందు బండి ఏం చేస్తూ ఉందో రాసుకో" అంది తలాసో. "స్పానర్ తర్వాత."

నేను ఆలస్యంగా వెళ్ళాను. తలుపు దగ్గర నిలబడే విన్నాను, మూడు గంటలూ. కూర్చోవడానికి ఒక్క కుర్చీ ఖాళీ లేదు.